ఇంటిల్లిపాదికీ టీకా ప్రణాళిక: విశాఖ కుటుంబాలకు ఒక మార్గదర్శిని

జూన్ మధ్యలో బడులు తెరుస్తారు, ఇంచుమించు అదే సమయానికి నైరుతి రుతుపవనాలు విశాఖను పలకరిస్తాయి. మరో మూడు నాలుగు వారాలకు ఇంట్లో చిన్నవాడు ముక్కు కారుతూ బడినుంచి వస్తాడు. రెండు రోజులకు వాడి తల్లికి గొంతు నొప్పి, నాలుగో రోజుకు తండ్రికి ఒళ్ళు నొప్పులు మొదలవుతాయి. వారం తిరిగేసరికి మంచం పట్టేది మాత్రం నాన్నమ్మ. ఈ వరుస ఎరగని ఇల్లు ఉండదు. రోగాన్ని గుమ్మం దాటించి తెచ్చేవారు ఒకరైతే, దాని బరువు మోసేవారు మరొకరు. అయినా టీకా మాట వచ్చేసరికి మనం ఎవరికి వారే ఆలోచించుకుంటాం. నలభై ఏళ్ళ మనిషి "నాకెందుకు, వస్తే రెండు రోజుల్లో పోతుంది" అంటాడు. తన వరకు ఆ మాట నిజమే కావచ్చు. అయితే శ్వాసమార్గం ద్వారా వ్యాపించే వైరస్‌ల విషయంలో లెక్క ఇంటినంతటినీ కలిపి వేసుకోవాలి. ఆ లెక్క ఎలా వేయాలో, దాని ప్రకారం టీకాలు ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ వేయించాలో వివరించడానికే ఈ వ్యాసం.

ముందుగా తెలుసుకోవలసిన లెక్క

ఒక ఇంట్లో మొదటి మనిషికి జబ్బు వచ్చాక, మిగిలినవారిలో నూటికి ఎంతమందికి అది అంటుకుందన్నది పరిశోధకులు వాడే కొలత. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, కోవిడ్ తొలి రోజుల్లో ఇది నూటికి సుమారు 17గా తేలింది, ఒమిక్రాన్ వచ్చేసరికి 43 దగ్గరకు చేరింది. టీకా వేయించుకోని, ఇంతకుముందు రాని వారున్న ఇంట్లో తట్టు (మీజిల్స్) ప్రవేశిస్తే నూటికి దాదాపు 90 మందికి అంటుకుంటుంది. ఫ్లూ ఈ రెంటికన్నా నెమ్మదైనదే, కానీ ఏటా వస్తుంది.

ఇల్లు ఇంత అనుకూలమైన చోటు కావడానికి కారణాలు మనకు తెలిసినవే. ఒకే గాలిని గంటల తరబడి పీలుస్తాం, ఒకే పక్క మీద పిల్లల్ని పడుకోబెట్టుకుంటాం, కంచంలో కలిపిన ముద్ద చంటివాడి నోట్లో పెడతాం. వీటికి తోడు మరొక చిక్కు ఉంది. ఫ్లూ సోకిన మనిషి తనకు జ్వరం తెలియడానికి సుమారు ఒక రోజు ముందు నుంచే వైరస్‌ను వదులుతూ ఉంటాడు, కోవిడ్‌లో ఇది రెండు రోజులు, తట్టులో దద్దురు కనిపించడానికి నాలుగు రోజుల ముందు. అంటే రోగిని వేరే గదిలో పెట్టాలన్న ఆలోచన మనకు వచ్చేసరికే సగం పని జరిగిపోయి ఉంటుంది. గది మార్చడం, మాస్కు పెట్టడం లక్షణాలు కనిపించాక మొదలయ్యే పనులు. టీకా ఒక్కటే అంతకుముందు నుంచీ పనిచేస్తూ ఉంటుంది.

టీకా రెండు వైపులా చేసే పని

ఇంట్లో వైరస్ ఒకరినుంచి మరొకరికి చేరాలంటే రెండు గడపలు దాటాలి. మొదటిది రోగిది: అతని ముక్కు, గొంతుల నుంచి ఎంత వైరస్, ఎన్ని రోజుల పాటు బయటికి వస్తుందన్నది. రెండోది పక్కనున్న మనిషిది: అతని శరీరంలోకి వచ్చిన వైరస్‌కు నిలదొక్కుకునే వీలు దొరుకుతుందా లేదా అన్నది. టీకా ఈ రెంటి మీదా పనిచేయగలదు, కానీ రెంటి మీదా ఒకే బలంతో కాదు, అన్ని జబ్బుల్లోనూ ఒకే తీరుగానూ కాదు.

ఇంగ్లండ్‌లో 2021 తొలి నెలల్లో, కోవిడ్ ఆల్ఫా రకం వ్యాపిస్తున్న కాలంలో, లక్షలాది ఇళ్ళ వివరాలను పరిశీలించారు. మొదట జబ్బు పడిన మనిషి అప్పటికి 21 రోజుల కిందటే ఆస్ట్రాజెనెకా లేదా ఫైజర్ టీకా తీసుకుని ఉంటే, టీకా లేని రోగి ఉన్న ఇంటితో పోలిస్తే, ఇంట్లో మిగిలినవారికి అంటుకోవడం 40 నుంచి 50 శాతం తక్కువగా ఉంది. మనం కోవిషీల్డ్ పేరుతో వేయించుకున్నది ఆ ఆస్ట్రాజెనెకా టీకానే, పుణెలో తయారైనది. ఇది మొదటి గడప దగ్గర జరిగిన మేలు.

ఆ తరవాత డెల్టా రకం వచ్చి ఈ చిత్రాన్ని కొంత మార్చింది. బ్రిటన్‌లోనే జరిగిన మరొక అధ్యయనంలో, డెల్టా సోకిన మనిషితో కలిసి ఉంటున్నవారిలో టీకా పూర్తిగా తీసుకున్న వారికి నూటికి 25 మందికి, తీసుకోనివారికి 38 మందికి అంటుకుంది. రెండో గడప దగ్గర మేలు స్పష్టంగానే కనిపిస్తున్నది. కానీ రోగి టీకా తీసుకున్నవాడా కాదా అన్నదాన్ని బట్టి ఇంట్లో వ్యాప్తిలో పెద్ద తేడా ఆ అధ్యయనంలో కనపడలేదు. టీకా తీసుకున్నవారి గొంతులో కూడా వైరస్ అదే ఎత్తుకు పెరిగింది, కాకపోతే త్వరగా తగ్గింది. వ్యాప్తిని ఆపే శక్తి మూడు నెలలు గడిచేసరికి బాగా పలచబడుతుందని మరికొన్ని పరిశీలనలు చెప్పాయి. జబ్బు ముదరకుండా, ఆసుపత్రి పాలు కాకుండా కాపాడే శక్తి మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలిచింది.

తట్టు టీకా రెండు డోసులు సుమారు 97 శాతం మందికి రక్షణ ఇస్తుంటే, ఫ్లూ, కోవిడ్ టీకాలు ఇలా సగం సగం పనిచేయడానికి కారణం టీకా నాణ్యత ఒక్కటే అనుకోవడం పొరపాటు, ఆయా వైరస్‌ల నడక తీరు కూడా దానికి కారణమే. తట్టు వైరస్ ఒంట్లో చేరి పది పన్నెండు రోజుల పాటు రక్తం గుండా ప్రయాణించి గాని బయటపడదు. టీకా వల్ల రక్తంలో తయారైన ప్రతిరక్షకాలకు (యాంటీబాడీలకు), జ్ఞాపకం ఉంచుకున్న రక్షక కణాలకు దాన్ని దారిలో పట్టుకునేందుకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. ఫ్లూ, ఒమిక్రాన్ వైరస్‌లు ముక్కు, గొంతుల పైపొరలోనే రెండు మూడు రోజుల్లో పెరిగి పక్కవాడికి చేరిపోతాయి. చేతికి వేసిన సూది రక్తంలో రక్షణను బాగా పెంచుతుంది గాని ముక్కు లోపలి తేమ పొరలో అంతగా పెంచదు. పైగా ఈ వైరస్‌లు తమ రూపాన్ని మార్చుకుంటూ ఉంటాయి. ముక్కులో వేసే టీకాల మీద ఆసక్తి పెరిగింది ఇందుకే. మన భారత్ బయోటెక్ తయారుచేసిన అటువంటి కోవిడ్ టీకాను 2023 జనవరి 26న విడుదల చేశారు.

సగం రక్షణ అన్న మాట వినగానే పెదవి విరిచేవారి కోసం ఒక చిన్న లెక్క చూపిస్తాను. ఇవి కేవలం లెక్క కోసం అనుకున్న అంకెలు. ఐదుగురున్న ఇంట్లో ఒకరికి జబ్బు వచ్చిందనీ, మిగతా నలుగురిలో ఒక్కొక్కరికి అది అంటుకునే అవకాశం నూటికి 40 అనీ అనుకుందాం. నలుగురూ తప్పించుకునే అవకాశం 0.6ను నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది, అంటే నూటికి 13. ఆ నలుగురికీ టీకా ఉండి, అంటుకునే అవకాశం సగానికి, అంటే 20కి తగ్గితే, అందరూ తప్పించుకునే అవకాశం నూటికి 41 అవుతుంది. రోగికి కూడా టీకా ఉండి, అతను వ్యాపింపజేయడం మరో 40 శాతం తగ్గితే, ఒక్కొక్కరికి ముప్పు 12కు దిగుతుంది, ఇల్లంతా తప్పించుకునే అవకాశం నూటికి 60 అవుతుంది. ఒక్క మనిషికి సగమే అనిపించిన టీకా, ఇంటికి వచ్చేసరికి 13ను 60 చేసింది. ఇంట్లో ఒక్కరే వేయించుకుంటే ఈ గుణకారం జరగదు.

"వేసుకున్నా వచ్చిందిగా" అన్నవారికి

2022 సంక్రాంతికి మా ఇంట్లో ఐదుగురం ఉన్నాం, అందరం రెండు డోసులు వేయించుకుని ఆరు నెలలు దాటింది. కనుమనాటికి ముగ్గురం దగ్గుతున్నాం. ఈ టీకా వల్ల ఒరిగిందేమిటని ఆరోజు నేనే విసుక్కున్నాను. 74 ఏళ్ళ మా అత్తయ్యగారు రెండు రోజులు మిరియాల కషాయం తాగి, మూడో రోజు వాకిట్లో కూర్చుని కాఫీ అడిగారు. అంతకుముందు ఏడాది వేసవిలో అదే వీధిలో ఆమె వయసువారి విషయంలో జరిగింది తలచుకున్నాక నా విసుగు తగ్గింది. ఒక ఇంటి అనుభవం రుజువు కాదని నాకు తెలుసు, పైగా ఒమిక్రాన్ డెల్టా అంత తీవ్రమైనది కాదు. కానీ నేను చేసిన తప్పు చాలామంది చేసేదే: వచ్చిన ముగ్గురిని లెక్కపెట్టాను, రాని ఇద్దరిని లెక్కపెట్టలేదు.

ఇటువంటిదే ఇంకొక పొరపాటు లెక్క. ఊళ్ళో నూటికి తొంభైమంది టీకా తీసుకున్నప్పుడు, జబ్బు పడినవారిలోనూ టీకా తీసుకున్నవారే ఎక్కువ కనిపిస్తారు. నూటికి నూరు మందీ తీసుకుంటే, జబ్బు పడిన ప్రతివాడూ టీకా తీసుకున్నవాడే అవుతాడు. దాన్నిబట్టి టీకా పనిచేయలేదని తేల్చడం, హెల్మెట్ ఉన్నవారికీ దెబ్బలు తగులుతున్నాయి కాబట్టి హెల్మెట్ దండగ అన్నట్టుగా ఉంటుంది.

మొదటి పని: ఇంటి మనుషుల పట్టిక

ఒక కాగితం తీసుకుని, ఇంట్లో ఉంటున్న ప్రతి ఒక్కరి పేరు రాయండి. రోజూ వచ్చి గంటల తరబడి ఉండే పనిమనిషిని, పిల్లల్ని చూసుకునే ఆయాను, వారానికి నాలుగు రోజులు ఉండిపోయే అమ్మమ్మను కూడా కలపండి. ప్రతి పేరు ఎదుట రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఈ మనిషి బయటినుంచి జబ్బు తెచ్చే అవకాశం ఎంత? వస్తే తట్టుకునే శక్తి ఎంత?

మొదటి ప్రశ్నకు బడి పిల్లలు, అంగన్‌వాడీకి వెళ్ళే పసివాళ్ళు, సిటీ బస్సుల్లో, షేర్ ఆటోల్లో తిరిగేవారు, స్టీలు ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టు డ్యూటీ చేసేవారు, పూర్ణా మార్కెట్ వంటి చోట్ల రోజంతా జనం మధ్య కూర్చునేవారు, ఆసుపత్రుల్లో పనిచేసేవారు ముందు వరుసలో నిలుస్తారు. రెండో ప్రశ్నకు 65 దాటినవారు, గర్భిణులు, ఐదేళ్ళలోపు పిల్లలు, మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కేన్సర్ చికిత్సలోనో స్టెరాయిడ్లు వాడుతూనో ఉన్నవారు వస్తారు. విశాఖలో మధుమేహం లేని ఇల్లు వెతకాలంటే వీధి చివరిదాకా నడవాలి కాబట్టి, ఈ రెండో వరుస మీరు అనుకున్నదానికన్నా పొడుగ్గా తేలుతుంది.

రెండు వరుసల్లో ఏదో ఒకదానిలో ఉన్న ప్రతివారికీ టీకా కావాలి. డబ్బు, వీలు చూసుకుని ఒకరి తరవాత ఒకరికి వేయించవలసి వస్తే, తట్టుకోలేని వారికి ముందు, వారి దగ్గర ఎక్కువసేపు గడిపేవారికి ఆ వెంటనే వేయించడం నా సలహా. టీకా వేయడానికే వీల్లేని వారు ఇంట్లో ఉంటే మాత్రం ఆ వరుస తిరగబడుతుంది. ఆరు నెలలలోపు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు, తొమ్మిది నెలలలోపు బిడ్డకు మామూలుగా తట్టు టీకా వేయరు. ఆ బిడ్డకు రక్షణ చుట్టూ ఉన్నవారి నుంచే రావాలి. గర్భిణిగా ఉండగా తల్లి ఫ్లూ టీకా తీసుకుంటే ఆమెలో తయారైన ప్రతిరక్షకాలు మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డకు చేరి తొలి నెలల్లో కాపాడతాయి. గర్భంలో ఏ నెలలోనైనా దీన్ని వేయవచ్చు. పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆచారం ఉన్న మనం, ఆ పుట్టింట్లో ఉన్న అమ్మమ్మ, తాతయ్య, బడికి వెళ్ళే మేనమామ పిల్లల టీకాల మాట కూడా ఏడో నెలలోనే అడగాలి.

పిల్లలకు వేస్తే పెద్దలకు మేలు జరుగుతుందన్నది ఊహ మాత్రమే కాదు. కెనడాలో ఊరికి దూరంగా, కలివిడిగా జీవించే హటరైట్ సమాజాల్లో 2008-09 శీతాకాలంలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని పల్లెల్లో 3 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు ఫ్లూ టీకా, మిగతా పల్లెల్లో పిల్లలకు కామెర్ల టీకా వేశారు. ఫ్లూ టీకా వేసిన పల్లెల్లో, అసలు టీకా తీసుకోని మిగతా జనానికి కూడా ఫ్లూ 61 శాతం తగ్గింది. జపాన్‌లో బడి పిల్లలకు ఫ్లూ టీకా కార్యక్రమం సాగిన దశాబ్దాల్లో వృద్ధుల మరణాలు తగ్గాయనీ, 1994లో అది ఆగిపోయాక మళ్ళీ పెరిగాయనీ గమనించారు.

రెండో పని: ఏ టీకా, ఎప్పుడు

తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఆర్ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. తొమ్మిది నెలలు నిండాక మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. టీకా కార్డు తీసి రెండో డోసు గడి నిండిందో లేదో చూడండి. చాలా ఇళ్ళలో మొదటి డోసు శ్రద్ధ రెండోదానికి ఉండదు. వీధిలో ఎవరికైనా తట్టు వచ్చినట్టు తెలిస్తే, టీకా పడని పిల్లలకు 72 గంటలలోపు వేయించినా రక్షణ దొరికే అవకాశం ఉంది. "అమ్మవారు పోసింది" అని వేపాకులు కట్టి ఊరుకునే ఇళ్ళలో పక్కింటి పిల్లలకు పోయేది ఆ 72 గంటలే. ఇది బతికి ఉన్న, బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా కాబట్టి గర్భిణులకు వేయకూడదు.

ఫ్లూ టీకా ప్రభుత్వ ఉచిత పట్టికలో లేదు, పిల్లల వైద్యుల దగ్గర, ప్రైవేటు ఆసుపత్రుల్లో డబ్బిచ్చి వేయించుకోవాలి. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో, ఏ రకాలు కలపాలో ప్రకటిస్తుంది. అందుకే కిందటేడు వేసుకున్నది ఈ ఏడాదికి చెల్లదు. మనం ఉత్తరార్ధగోళంలోనే ఉన్నా, ఫ్లూ మన దగ్గర ప్రధానంగా వానాకాలంలో, కొంత జనవరి నుంచి మార్చి మధ్య విజృంభిస్తుంది. టీకా వేసిన తరవాత రక్షణ తయారవడానికి రెండు వారాలు పడుతుంది.

తేదీలు గుర్తుండవనేవారికి విశాఖలో ఒక సులువు ఉంది. సింహాచలం చందనోత్సవం అక్షయ తృతీయనాడు, అంటే ఏప్రిల్ రెండో పక్షంలోనో మే మొదటి పక్షంలోనో వస్తుంది. ఆ వారంలో ఇంటిల్లిపాదీ ఫ్లూ టీకా వేయించుకుంటే బడులు తెరిచేనాటికి, వానలు పడేనాటికి రక్షణ సిద్ధంగా ఉంటుంది. ఆరు నెలల నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పిల్లలకు జీవితంలో మొదటిసారి వేయిస్తుంటే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి, అటువంటివారికి ఉగాది దాటగానే మొదలుపెట్టడం మంచిది. వేయించుకునే ముందు సీసా మీదో సిరంజి మీదో గడువు తేదీని, అది ఏ ఏడాది టీకా అన్నదాన్ని చూపించమని అడగండి. మర్యాదగా అడిగితే ఏ నర్సమ్మా విసుక్కోదు. చందనోత్సవం దాటిపోయిందని ఆ ఏడాదికి మానేయకండి, ఆలస్యంగా వేసుకున్నా అసలు వేసుకోకపోవడం కన్నా మేలు.

కోవిడ్ టీకా విషయంలో, ఇంట్లో 60 దాటినవారూ రోగనిరోధక శక్తి తగ్గినవారూ ఉంటే, చివరి డోసు తేదీని వైద్యుడికి చూపి తదుపరి డోసు అవసరమా అని అడగాలి. చంటిపిల్లలకు 6, 14 వారాలకు, 9 నెలలకు వేసే న్యుమోకోకల్ టీకా వైరస్‌కు సంబంధించినది కాదు. అయినా ఫ్లూ వెనకాలే వచ్చి ప్రాణం మీదికి తెచ్చే న్యుమోనియాల్లో చాలావాటికి కారణం ఈ టీకా అడ్డుకునే న్యుమోకోకస్ అనే బాక్టీరియానే కాబట్టి ఆ గడి కూడా నింపుకోవాలి. ఇదీ ఉచితమే.

మూడో పని: ఎక్కడ, ఎలా

పిల్లల ఉచిత టీకాలకు మీ వార్డు పరిధిలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళవచ్చు. మన రాష్ట్రంలో బుధ, శనివారాలు టీకాల రోజులు. వార్డు ఏఎన్ఎంను గాని ఆశా కార్యకర్తను గాని అడిగితే మీ వీధికి దగ్గరలో ఎక్కడ వేస్తున్నారో చెబుతారు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగానికి దూరం నుంచి చంటిబిడ్డతో వచ్చి వరుసలో నిలబడనక్కరలేదు. అక్కడి దాకా రావలసిన అవసరం వేరే జబ్బులకు ఉంటుంది.

డబ్బిచ్చి కొనే టీకాల్లో అందరూ మరిచిపోయేది చల్లదనం. ఈ టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడెక్కినా పాడవుతాయి, ఫ్లూ టీకా గడ్డకట్టినా పాడవుతుంది. ఒక మే నెలలో నేను మందుల దుకాణంలో ఫ్లూ టీకా కొంటే, మామూలు పాలిథిన్ సంచిలో పెట్టి ఇచ్చారు. దాన్ని పట్టుకుని మధ్యాహ్నం ఎండలో ఆటోలో బయలుదేరి, దారిలో కూరగాయలు కూడా కొనుక్కుని, క్లినిక్‌కి చేరేసరికి గంటన్నర అయింది. డాక్టరమ్మ దాన్ని చేత్తో తాకి చూసి, పక్కన పెట్టి, వేయనని చెప్పేశారు. వెయ్యి రూపాయలకు పైగా పోయిన బాధకన్నా, అలాంటిది తెలియక వేసినవి ఎన్ని ఉంటాయో అన్న ఆలోచన ఎక్కువ బాధించింది. చల్లదనం పోయిన టీకా హాని చేయదు గాని పనీ చేయదు, పనిచేయలేదని మనకు తెలియదు కూడా. అందుచేత టీకాను తమ ఫ్రిజ్‌లోనే నిల్వచేసి అక్కడే వేసే చోటుకే వెళ్ళండి. కరెంటు పోతే ఆ ఫ్రిజ్‌కు జనరేటరు గాని ఇన్వర్టరు గాని ఉందా అని అడగడం అతి అనిపించుకోదు.

వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోవాలి. చేయి నొప్పి, ఒకటి రెండు రోజుల స్వల్ప జ్వరం మామూలే. సూదిగా వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. వేయించుకున్న వారంలోనే జలుబు చేస్తే అది అప్పటికే ఒంట్లో చేరిన మరో వైరస్ పని.

ఇంట్లో ఒకరు జబ్బు పడినప్పుడు

టీకాలన్నీ ఉన్నా వైరస్ ఇంట్లోకి రావచ్చు. అప్పుడు గాలి గురించి ఆలోచించాలి. విశాఖలో పగలు సముద్రం మీంచి నేల వైపు, రాత్రి నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. సముద్రం వైపు కిటికీ ఉన్న గది హాయిగా ఉంటుందని రోగిని అక్కడ పడుకోబెట్టి, తలుపు బార్లా తీసి ఉంచితే, పగలంతా ఆ గాలి రోగి మీదుగా మిగతా ఇంట్లోకి వస్తుంది. గాలి బయటికి పోయే వైపున ఉన్న గది ఇవ్వడం మేలు. అది కుదరకపోతే ఇంటి లోపలి తలుపు మూసి, గది కిటికీ తెరిచి ఉంచాలి. ఉక్కకు తట్టుకోలేక ఏసీ వేసి అందరూ ఒకే గదిలో పడుకోవడం మన ఊరి అలవాటు. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది, బయటి గాలిని లోపలికి తేదు. ఇంట్లో జబ్బున్న ఆ ఐదారు రాత్రులు ఫ్యాన్‌తో, తెరిచిన కిటికీలతో గడపండి.

రోగికి సేవ చేసేది ఒక్కరే అయితే మంచిది, ఆ ఒక్కరు టీకా తీసుకుని ఉన్న, ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలి. ఆ బాధ్యత అలవాటుగా నాన్నమ్మ మీదనో గర్భిణి అయిన కోడలి మీదనో పడకుండా చూడాలి. రోగీ, సేవచేసేవారూ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నంతసేపు మాస్కు పెట్టుకుంటే వైరస్ దాటవలసిన రెండు గడపల దగ్గరా మరొక అడ్డు పడినట్టే.

ఫ్లూ అని వైద్యుడు భావిస్తే ఒసెల్టమివిర్ అనే మందు రాస్తారు. అది లక్షణాలు మొదలైన 48 గంటలలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది కాబట్టి, తట్టుకోలేని వారి వరుసలో ఉన్నవారికి జ్వరం వస్తే రేపటికి చూద్దామని ఆగకూడదు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. పిల్లలకు జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఆయాసం వచ్చినా, వేలికి పెట్టే ఆక్సిమీటరులో ఆక్సిజన్ 94 శాతం కన్నా తక్కువ చూపినా, మగతగా ఉన్నా, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పసివాళ్ళకు పొట్ట ఎగరేయడం గమనించి, నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టండి: రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40, ఆ పైన ఉంటే న్యుమోనియా అనుమానించాలి. 108కి ఫోన్ చేయడానికి అర్ధరాత్రి అని మొహమాటపడకండి.

జబ్బు తగ్గాక ఆ పట్టిక కాగితం మళ్ళీ తీయండి. ఈసారి ఎవరు ముందు జబ్బు పడ్డారు, ఎవరికి ఎన్నో రోజున వచ్చింది, ఎవరికి రాలేదు, ఎవరి టీకా ఎప్పటిది అన్నవి దాని మీదే రాసి, పిల్లల టీకా కార్డులతో కలిపి ఒకే కవరులో పెట్టండి. బాకీ ఉన్న డోసును జ్వరం పూర్తిగా దిగాక వేయించవచ్చు. ముక్కు కొద్దిగా కారుతోందని, కాస్త దగ్గు మిగిలిందని వాయిదా వేయనక్కరలేదు.